ఎసరు ఎవరి పాఠం?

ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెప్పడం పూర్తయిన రోజున పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను. ‘మీ ఇంట్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చారు. ఏడాదికి ఎంత శాతం పడింది?’ సూత్రం నోటికి వచ్చిన పిల్లలే, అంతకుముందే బోర్డు మీద నాలుగు మెట్లలో లెక్క తేల్చిన పిల్లలే, ఒక్క గొంతుతో ‘మూడు శాతం సార్’ అన్నారు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి మాత్రం మెల్లగా ‘ముప్పై ఆరు’ అంది. ఆ పిల్లకి లెక్కల్లో ఎప్పుడూ బొటాబొటి మార్కులే. వాళ్లింట్లో నెలనెలా వడ్డీ డబ్బు పట్టుకెళ్లి ఇచ్చి వచ్చేది తనే.

పుస్తకంలో వడ్డీ ఏడాదికి శాతంలో ఉంటుంది. ఊళ్లో వడ్డీ నెలకు నూటికి రూపాయల్లో ఉంటుంది. ఈ రెంటి మధ్యా ఉన్న పన్నెండు అనే అంకెను మన బడి చెప్పడం లేదు. మర్నాడు ఇంకో లెక్క ఇచ్చాను. మా వైపు డైలీ ఫైనాన్స్ అనీ, తెలంగాణలో చాలాచోట్ల గిరిగిరి అనీ అంటారే, ఆ అప్పు. 10,000 అని రాసుకుని, ముందే 1,000 కోసుకుని, 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. ‘వెయ్యే కదా సార్, పది శాతం’ అన్నారు పిల్లలు. రోజూ అసలు తగ్గిపోతోంది కాబట్టి మనం వాడుకున్నది సగటున 4,500 మాత్రమే, అదీ 100 రోజులకే అని కూర్చోబెట్టి వేయిస్తే ఏడాదికి 80 శాతం దాటింది. గది కాసేపు నిశ్శబ్దమైంది. అంతకుముందు నేను చెప్పిన ఏ లెక్కకూ అలాంటి నిశ్శబ్దం రాలేదు.

హైస్కూలు పిల్లలకు ఇంటి పనులు, బతుకు పనులు నేర్పాలా అన్న చర్చ మన దేశంలో కొత్తది కాదు. నేర్పాలని కనీసం ఎనభై ఏళ్లుగా పెద్దలు చెబుతూనే ఉన్నారు, కమిటీలు రాస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ అది కాగితం మీదకు వచ్చి, టైంటేబుల్‌లోకి దిగి, అక్కడే ఆగిపోయింది. ఎందుకు ఆగిపోతోందో చూడకుండా ఇంకో కొత్త పేరు పెట్టుకుంటే ఫలితం మారదని నా నమ్మకం.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ విద్యావేత్తల్ని పిలిచి సభ పెట్టారు. చేతిపని ఆధారంగానే అన్ని పాఠాలూ చెప్పాలన్నది ఆయన ప్రతిపాదన. జాకిర్ హుసేన్ అధ్యక్షతన కమిటీ ఏర్పడి పాఠ్య ప్రణాళిక తయారుచేసింది. నయీ తాలీమ్ అన్నారు, మన దగ్గర బేసిక్ స్కూళ్లు అన్నారు. అందులో గొప్ప ఆలోచన ఉంది: తకిలి తిప్పుతూ నూలు పొడవు కొలవడం లెక్క, పత్తి ఎక్కడ పండుతుందో తెలుసుకోవడం భూగోళం, ఆ గుడ్డ ఎవరు నేశారో తెలుసుకోవడం చరిత్ర. పెద్ద ఇబ్బందీ ఉంది. పిల్లలు చేసిన వస్తువులు అమ్మి బడి ఖర్చు రాబట్టాలన్న షరతు ఆ ఆలోచన మెడకు బరువైంది. పైగా, నూలు ద్వారా లెక్కలు చెప్పడం తెలిసిన ఉపాధ్యాయులు ఎంతమంది ఉంటారు? చాలాచోట్ల నూలు ఒక పీరియడ్, లెక్కలు ఇంకో పీరియడ్ అయ్యాయి. రెండూ విడిపోయాక తల్లిదండ్రులు నూలు పీరియడ్‌ను దండగ కింద లెక్కేశారు.

అంతకన్నా లోతైన గాయం ఇంకొకటి. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ ప్రాథమిక బడి వేళలు తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంట్లో తండ్రి చేసే పని నేర్చుకోవాలన్నారు. కులవృత్తి చదువు అని జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ వచ్చాక ఆ పథకం పోయింది. ఆ కోపం న్యాయమైనదే. చేతిపని నేర్పడం మంచిదే కావచ్చు, కానీ ఎవరి పిల్లకు ఏ పని అన్నది పుట్టుకతో తేలిపోతే అది చదువు అనిపించుకోదు. నేటికీ బడిలో మరుగుదొడ్లు కడగమని కొన్ని కులాల పిల్లల్నే పంపారన్న వార్తలు మనం చదువుతున్నాం. చీపురు పాఠం కావాలంటే డాక్టరు కొడుకూ పట్టాలి, హెడ్మాస్టరు కూతురూ పట్టాలి. అలా కాకపోతే దాన్ని ఆపేయడమే మేలు. ఈ షరతు మీద రాజీ పడే ఏ పథకాన్నీ నేను సమర్థించలేను.

ఆ తరవాతి చరిత్ర త్వరగా చెప్పేయొచ్చు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఒక మాట ఉంది: ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వందమంది దాటితే కళలకు, ఆరోగ్యం-వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. చట్టంలోనే ఉంది. తరవాత ఉమ్మడి రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు పని-కంప్యూటర్ విద్య, విలువల విద్య-జీవన నైపుణ్యాలు అంటూ సహపాఠ్య విషయాలు పెట్టారు, గ్రేడ్లూ ఇవ్వమన్నారు. నేను పనిచేసిన ఒక బడిలో టైంటేబుల్ మీద పని విద్య పీరియడ్ ఏడాది పొడుగునా ఉంది. ఆ పీరియడ్‌లో ఏడాది పొడుగునా లెక్కలు చెప్పింది నేను. సిలబస్ అయిపోవాలన్న ఆత్రం. ఏడాది చివర పిల్లలందరికీ పని విద్యలో ‘ఎ’ గ్రేడ్ వేశాం. ఆ తప్పు ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

‘జీవన నైపుణ్యాలు’ అన్న మాట గురించి కూడా కాస్త ఆగి చెప్పుకోవాలి. 1990ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది నైపుణ్యాల జాబితా ఇచ్చింది. నిర్ణయం తీసుకోవడం, సమస్య పరిష్కరించడం, సృజనాత్మకంగా ఆలోచించడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, భావాన్ని స్పష్టంగా చెప్పడం, మనుషులతో మెలగడం, తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, ఉద్వేగాన్ని, ఒత్తిడిని తట్టుకోవడం. పదీ అవసరమే. చదువు ఒత్తిడికి పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న చోట చివరి రెండూ ఇంకా అవసరం. కానీ ఈ జాబితా మన బడుల్లోకి దిగేసరికి ఉపన్యాసమైపోయింది. ‘నిర్ణయం తీసుకోవడం’ అని బోర్డు మీద రాసి, దాని ప్రయోజనాలు ఐదు రాయించి, పరీక్షలో అడుగుతున్నాం. చేతిలో 200 రూపాయలు పెట్టి, నలుగురున్న ఇంటికి రెండు రోజుల కూరలు తెమ్మని రైతుబజారుకు పంపితే నిర్ణయం తీసుకోవడం ఏమిటో పిల్లవాడికి తెలుస్తుంది. టమాటా ధర చూసి బెండకాయ వైపు తిరగడంలో లెక్క ఉంది, బేరం ఆడటంలో మాట ఉంది, ఇంటికొచ్చాక అమ్మ ముఖం చూడటంలో ఎదుటివారి మనసు ఉంది. ఆ పది నైపుణ్యాలూ పనిలోనే ఉన్నాయి. పనిని తీసేసి నైపుణ్యాన్ని మాత్రం నేర్పుదామనుకోవడం దగ్గరే తప్పు జరిగింది.

ఇక ఇంటిపని అనగానే వచ్చే రెండో అడ్డు, ఇది ఆడపిల్లల సబ్జెక్టు అన్న భావన. ఢిల్లీలో హోం సైన్స్ కోసం లేడీ ఇర్విన్ కాలేజీ 1932లో మొదలైంది. మన దగ్గర హైదరాబాద్ సైఫాబాద్‌లోనూ, బాపట్లలోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద హోం సైన్స్ కాలేజీలు నడిచాయి. ఇప్పుడు ఆ శాస్త్రాన్ని కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. పోషకాహారం, బట్టల శాస్త్రం, పిల్లల ఎదుగుదల, ఇంటి నిర్వహణ మీద అక్కడ ఎంతో విలువైన పని జరిగింది. హైస్కూలు దాకా వచ్చేసరికి మాత్రం అది పెళ్లికి తయారుచేసే చదువుగా జనం మనసులో ముద్ర పడింది. ఈ ముద్రను చెరపాలని ప్రయత్నించినవాళ్లలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉన్నారు. 1958లో స్త్రీవిద్య జాతీయ కమిటీకి ఆమె అధ్యక్షురాలు. ఆ కమిటీ సిఫార్సుతో ఏర్పడిన స్త్రీవిద్య జాతీయ మండలి 1962లో హంసా మెహతా కమిటీని నియమించింది. ఆడపిల్లలకో చదువు, మగపిల్లలకో చదువు అన్న తేడా ఉండకూడదని ఆ కమిటీ తేల్చింది. అరవై ఏళ్లు దాటాయి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ‘చేసే మగవాళ్లు’ అన్న మాటను గమనించాలి. అసలు ఆ పని ముట్టుకునేవాళ్లు మగవాళ్లలో నూటికి 26 మంది మాత్రమే.

ఈ విషయంలో జపాన్ కథ తెలుసుకోదగ్గది. అక్కడ ఐదు, ఆరు తరగతుల్లో ఇంటి చదువు అందరికీ ఉండేది గానీ, పై తరగతులకు వెళ్లేసరికి మగపిల్లలు పనిముట్ల వైపు, ఆడపిల్లలు వంట, కుట్టు వైపు విడిపోయేవారు. 1970ల్లో హైస్కూల్లో అది ఆడపిల్లలకు మాత్రమే తప్పనిసరి చేశారు. స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే అంతర్జాతీయ ఒప్పందాన్ని జపాన్ 1985లో ఆమోదించింది. ఒకే పాఠ్య ప్రణాళిక అందరికీ ఉండాలని ఆ ఒప్పందం చెబుతుంది కాబట్టి చదువును మార్చక తప్పలేదు. 1993 నుంచి మిడిల్ స్కూల్లో, 1994 నుంచి హైస్కూల్లో మగపిల్లలూ అదే గదిలో కూర్చున్నారు. ఈనాటికీ అక్కడ ప్రాథమిక పాఠశాల పిల్లలు అన్నం, మిసో పులుసు వండటం పాఠంగా నేర్చుకుంటారు. చాలా బడుల్లో గాజు గిన్నెలో అన్నం వండిస్తారు, గింజ ఉబ్బడం, నీళ్లు ఇంకడం కళ్లతో చూడాలని. 2022లో మేజర్ వయసు 20 నుంచి 18కి తగ్గాక హైస్కూలు ఇంటి చదువులోకి పొదుపు, పెట్టుబడి కూడా తెచ్చారు. ఫిన్లండ్‌లో ఏడో తరగతికి ఈ చదువు అందరికీ తప్పనిసరి. అమెరికాలో 1917 నాటి చట్టం డబ్బిచ్చి ఈ చదువును పెంచింది, 1994లో పేరు మార్చుకుంది. అక్కడా చాలాకాలం అది ఆడపిల్లల గదే.

మన దేశం అదే ఒప్పందాన్ని 1993లో ఆమోదించింది. జపాన్ మగపిల్లలు కుట్టుమిషను ముందు కూర్చున్న ఏడాదే. మనం పాఠాలు మార్చుకోలేదు. 2024లో కేరళ మూడో తరగతి పుస్తకంలో తండ్రి కొబ్బరి కోరుతున్న బొమ్మ వేస్తే దేశమంతా వార్త అయింది. ఒక బొమ్మ వార్త కావడమే మన స్థితి చెబుతోంది. అయినా ఆ బొమ్మ వేసినవారికి నేను నమస్కరిస్తాను.

‘ఇంటి పనులు ఇంట్లోనే నేర్చుకుంటారు కదా, బడికెందుకు?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. ఒకప్పుడు నిజమే. ఇప్పుడు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతోంది. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి దాకా స్టడీ అవర్. ఇంటర్‌కు హాస్టల్లో పడితే కంచం కూడా ఎవరో కడుగుతారు. ‘నువ్వు చదువుకో నాన్నా, పని నేను చూసుకుంటాగా’ అన్న తల్లి ప్రేమలో తప్పేమీ లేదు. కానీ ఆ పిల్లవాడు ఇరవై రెండేళ్లకు ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో కుక్కర్, ఆవకాయ సర్ది, పప్పులో నీళ్లెన్ని పోయాలో వీడియో కాల్‌లో చెబుతున్నది కూడా ఆ తల్లే. మరోవైపు పేదింటి ఆడపిల్ల పదేళ్లకే వండుతుంది, తమ్ముణ్ణి చూసుకుంటుంది. ఆ పిల్లకు పని వచ్చు, పనిలో ఉన్న శాస్త్రం తెలియదు. ఒకరికి చేయి లేదు, మరొకరికి పుస్తకం అందలేదు. ఇద్దరూ కలిసే చోటు బడి ఒక్కటే.

పనిలో శాస్త్రం అన్నది ఊరికే అన్న మాట కాదు. గ్యాస్ బండను చూడండి. పదో తరగతి కార్బన్ సమ్మేళనాల పాఠంలో ప్రొపేన్, బ్యూటేన్ ఉన్నాయి. బ్యూటేన్ అణుభారం 58, గాలిది సగటున 29. బండలోని గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే తలుపులు, కిటికీలు తెరవాలి, రెగ్యులేటర్ కట్టేయాలి, ఏ స్విచ్చినీ వేయకూడదు, ఆర్పకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాను వేద్దామనే చాలామందికి తోస్తుంది, ఆ నిప్పురవ్వే చాలు. ఆ వాసన కూడా గ్యాస్‌ది కాదు, మనం పసిగట్టాలని కలిపిన మెర్కాప్టాన్‌ది. తరవాత గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి. ఇక బండ పై పట్టీల లోపలివైపు ఒక అక్షరం, ఒక అంకె రాసి ఉంటాయి. ఎ అంటే మార్చి లోపు, బి అంటే జూన్ లోపు, సి సెప్టెంబరు, డి డిసెంబరు. డి-27 అని ఉంటే 2027 డిసెంబరులోగా ఆ బండను మళ్లీ పరీక్షించాలి. ఖాళీ బండ బరువు కూడా దాని మీదే ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపి తూకం చూసుకోవచ్చు. ఇదంతా ఒక్క పీరియడ్ పాఠం. మా పిల్లలు మర్నాడు ఇంటి బండల మీద రాసినవి చీటీల మీద రాసుకొచ్చారు. రెండు ఇళ్లలో గడువు దాటిన బండలు బయటపడ్డాయి.

కరెంటు బిల్లూ అంతే. 1,000 వాట్ల పరికరం గంట నడిస్తే యూనిట్ అని పుస్తకంలో ఉంది. 2,000 వాట్ల గీజరు అరగంటకే యూనిట్ తినేస్తుందన్నది ఇంట్లో తేలాలి. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టాలని తెలియక సిరా, పేస్టు పూసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. విరేచనాలైన పసిపిల్లకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి, అన్న కొలత ప్రాణం నిలుపుతుంది. సైబర్ మోసం జరిగిన మొదటి గంటలో 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆగే అవకాశం ఉందని ప్రతి పిల్లకూ తెలియాలి, ఎందుకంటే తాతయ్య ఫోన్‌కు ఓటీపీ అడిగే కాల్ వచ్చినప్పుడు పక్కనుండేది ఆ పిల్లే. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరున పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. వడ్డీ పాఠం ఆ పాసుబుక్కుతో ఎందుకు మొదలుపెట్టకూడదు?

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పది రోజులు సంచి లేని రోజులు ఉండాలంది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక పనివారి దగ్గర పిల్లలు నేర్చుకోవాలంది. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి కౌశల్ బోధ్ అనే పుస్తకం తెచ్చింది. మొక్కలు-జంతువులతో పని, యంత్రాలు-వస్తువులతో పని, మనుషులకు సేవ చేసే పని అని మూడు భాగాలు. ఆలోచన నయీ తాలీమ్‌కు దగ్గరగా ఉంది, సంతోషం. నాకున్న అనుమానం ఒకటే. తొమ్మిది, పది తరగతుల్లో, అంటే పిల్లలు నిజంగా ఇంటి బాధ్యతలోకి అడుగుపెట్టే వయసులో, పబ్లిక్ పరీక్ష మార్కు లేని దేన్నీ మన బడి బతకనివ్వదు. అందుకని కొత్త సబ్జెక్టు పెట్టొద్దు అంటాను. ఉన్న సబ్జెక్టు పరీక్షలోనే ఈ ప్రశ్నలు రావాలి. భౌతికశాస్త్రం ప్రాక్టికల్‌లో ఇంటి కరెంటు బిల్లు, లెక్కల్లో గిరిగిరి, జీవశాస్త్రంలో పప్పన్నం. బోర్డు ప్రశ్నపత్రంలో రెండేళ్లు వరసగా వస్తే మూడో ఏడాది ప్రతి కార్పొరేట్ స్కూలూ నేర్పుతుంది.

మరి నేర్పేదెవరు? ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి, నిజమే. కానీ చాలా ప్రభుత్వ బడుల ఆవరణలో ఈ పని తెలిసిన మనిషి ఇప్పటికే ఉంది. మధ్యాహ్న భోజనం వండే వంటమ్మ. అన్నదానానికి పేరుపడిన డొక్కా సీతమ్మ పేరును ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకానికే పెట్టుకున్నాం. వండే చేతిని మాత్రం ఉపాధ్యాయురాలిగా ఎప్పుడూ చూడలేదు. ఆమెకు ఆ గంటకు విడిగా డబ్బిచ్చి, కుర్చీ వేసి, తరగతికి పిలవాలి.

మేం ఒక శనివారం పిలిచాం. ఆరు నుంచి ఎనిమిది దాకా తలకు 150 గ్రాముల బియ్యం, ఆ రోజు 84 మంది, 12.6 కిలోలు అని పిల్లలు లెక్కగట్టారు. ఆమె కాగితం చూడకుండానే డబ్బాతో కొలిచి పోసింది, తూస్తే పావుకిలో కూడా తేడా రాలేదు. తరవాత ఒక చిన్న గిన్నెలో బియ్యం కడిగి, నీళ్లు పోసి, బియ్యం మీద వేలు ఆనించి చూపించింది. మొదటి కణుపు దాకా నీళ్లుంటే చాలు అంది. ఏడో తరగతి పిల్లవాడొకడు చెయ్యెత్తి, ‘అమ్మా, నా కణుపు చిన్నది కదా, మరి నాకెట్లా?’ అన్నాడు. ఆమె నవ్వి, వాడి చేతికే ఇంకో గిన్నె ఇచ్చింది. రెండు గిన్నెలూ పక్కపక్కన ఎక్కించాం. వాడి అన్నం కాస్త పలుకుగా దిగింది. బియ్యం పాతవి, ఇంకాస్త నీళ్లు పట్టేవి అంది ఆమె. వాడు స్కేలు తెచ్చి, ఆమె కణుపు కొలిచి, తన కణుపు కొలిచి, రెండు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. సోమవారం కొత్త బియ్యంతో చూద్దామన్నాడు.